బద్లీ లేని పాళీ

మన సంఘములు వెలువరించు ప్రత్యేక సంచికలలో పెద్దల సంస్మరణములు ప్రకటించుట పరిపాటి. ఏ సంచిక త్రిప్పి చూచినను ఒక వాక్యము మాత్రము తప్పక కనబడును: "కోడలు రాత్రింబవళ్ళు కంటికి కునుకు లేకుండ అత్తగారికి సేవ చేసినది." చదివినవారు తల యూపుదురు, వ్రాసినవారు తమ విధి తీరినదని కలము మూయుదురు. బొంబాయి తెలుగువారమైన మేమును ఇట్టి వాక్యములను మెచ్చుకొనినవారమే. నేడు ఆ వాక్యముతోనే మాకు తగవు. కంటికి కునుకు లేకుండుట ఆ యిల్లాలి గొప్పతనము కాదు; అది ఆ యింటిలోని తక్కినవారి తప్పు. ఆ తప్పును గొప్పగా అచ్చు వేయించి మనము తరువాతి తరమునకు అప్పగించుచున్నామని మా అభియోగము.

మేము చెప్పబోవునది డిమెన్షియా సోకిన పెద్దలున్న ఇండ్ల మాట. మనవారు దీనిని "చాదస్తము" అనియు, "ముసలితనపు మతిమరుపు" అనియు తేలికగా కొట్టివేయుదురు. ఇది ముసలితనము కాదు. మెదడు కణములు క్రమక్రమముగా నశించు వ్యాధుల సమూహము. వానిలో అధికముగా కనబడు అల్జీమర్స్ వ్యాధిని గురించి జర్మను వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ 1906లోనే వైద్యుల సభలో ప్రసంగించెను. 2023లో ప్రకటితమైన జాతీయ అంచనా ప్రకారము మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారు. వారిలో అత్యధికులు ఇండ్లలోనే, ఇంటివారి చేతులలోనే ఉన్నారు.

ఈ వ్యాధికి పగటి కంటె రాత్రి బలము ఎక్కువ. మనిషికి పగలును రేయిని వేరుపరచి తెలుపు గడియారము వంటి కేంద్రమొకటి మెదడులో కలదు. వ్యాధి దానిని గూడ చెరచును. అందుచే రోగి పగలంతయు కునికిపాట్లు పడును. ప్రొద్దు క్రుంకగనే కలవరపడును. అర్ధరాత్రి లేచి మూట కట్టుకొని ఎక్కడికో బయలుదేరును. చూచుకొనువారికి రోగి లేచినప్పుడు నిద్ర ఉండదు. రోగి పరుండినప్పుడైనను ఉండునా? ఎప్పుడు లేచునో యని చెవి తలుపుమీదనే ఉండును. కన్ను మూసినను చెవి మూతపడదు. ఇట్టి రాత్రి ఒకటి కాదు, రెండు కాదు, ఐదేండ్లు, పదేండ్లు.

ఇక మన పూర్వుల సంగతి చూడుడు. మా తండ్రి తరమువారు కరీంనగరు, నల్లగొండ, పాలమూరు సీమలనుండి వచ్చి బొంబాయి బట్టల మిల్లులలో చేరిరి. మిల్లు మూడు పాళీలు నడచెడిది. పదిమంది కలసి ఒక ఖోలీని బాడుగకు తీసికొని, ఒకడు పాళీకి పోగా వాని చాపమీద మరియొకడు పరుండెడివాడు. రాత్రి పాళీ చేసి వచ్చినవాడు పగలు పండుకొన్నప్పుడు చాళ్‌లోని ఆడవారు పిల్లలను గదమాయించి చప్పుడు చేయనిచ్చెడివారు కారు. నిద్రయే కూలివాని పెట్టుబడియని చదువురాని ఆ జనులకు తెలిసియుండెను. అది చెడిన యెడల చేయి మరలో పడునని వారు కన్నులార చూచినవారు.

మరియు మిల్లులో బద్లీ యను ఏర్పాటొకటి ఉండెడిది. ఖాయపు కార్మికుడు రానినాడు వాని మగ్గముకడ నిలుచుటకు బద్లీ కార్మికులు పాళీ మొదలగు వేళకు గేటుకడ కాచుకొని యుండెడివారు. మగ్గము ఆగరాదు, మనిషి పడిపోరాదు అనునది దాని సూత్రము. మెట్రిక్యులేషను ముగించి మేము టైమ్ ఆఫీసులో హాజరు పట్టీలు వ్రాసితిమి. ఒకే మనిషి పేరు వెంటవెంట రెండు పాళీలలో పడినచో పై అధికారి మమ్ము నిలదీసెడివాడు. మూడు పాళీలలోను పడుట మేము ఎన్నడును చూడలేదు. 1982 జనవరి 18న ఆరంభమైన పెద్ద సమ్మె పిదప మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. ఆ పట్టీలు చెత్తలో కలసినవి. వానితోపాటు ఆ బుద్ధియు మన ఇండ్లలో చెత్తలో కలసినదా యని మా ప్రశ్న.

ఈ మాట అడుగుటకు మాకు గల అర్హత మా అపరాధమే. మా తల్లికి 2013లో ఈ వ్యాధి బయటపడినది. రాత్రి రెండు గంటలకు లేచి మా యిల్లాలిని తట్టి, "పొయ్యి ముట్టియ్యవేందే బిడ్డా? మీ మామ పహిలీ పాళీకి పోవాలె గద" అనెడిది. ఆ మామ గతించి ఇరువది ఏండ్లు. ఆ మిల్లున్న చోట అద్దాల మేడలు లేచినవి. "ఇయ్యాల సెలవు అత్తా, పండుకో" అని కోడలు నచ్చజెప్పి పరుండబెట్టెడిది. అరగంటకు మరల అదే పిలుపు. రాత్రికి ఐదారు పర్యాయములు ఇట్లే. ఉన్నది ఒక్క ఖోలీ. నడుమ ఒక చెక్క అడ్డు. ఆ అడ్డునకు ఈవల మేము నిద్రించితిమి. మిల్లు పోయిన పిదప వేరొక కచేరీలో గుమాస్తాగా ఉంటిమి గనుక, ఉదయము ఉద్యోగమునకు పోవలెనను సాకు మాకుండెను. 2015లో విరమించితిమి. ఉద్యోగము పోయినది, సాకు పోయినది. మా నిద్ర మాత్రము పోలేదు.

మాకు ఇద్దరు తమ్ములు, ఒక చెల్లెలు. పెద్ద తమ్ముడు భివండి నుండి ఆదివారము పండ్లు తెచ్చి, వదిన దేవతయని పొగడి, సాయంకాలపు బండికి పోయెడివాడు. చిన్న తమ్ముడు గల్ఫ్ నుండి నెలనెల పైకము పంపి, ఫోనులో తల్లి ముఖము చూచి కన్నీరు పెట్టుకొనెడివాడు. "మా వదిన ఉన్నదాంక మాకు రంది లేదు" అని చెల్లెలు పదిమందిలో చెప్పెడిది. నిజమే. రంది లేకుండుట మా నలుగురి వంతు; రంది ఆమె ఒక్కతె వంతు. మాలో దుష్టుడెవడును లేడు. అందరమును తల్లిని ప్రేమించినవారమే. ఒక్క రాత్రి మాత్రము ఎవరమును ఇయ్యలేదు.

2016 వానకాలమున ఒక తెల్లవారుజామున మా యిల్లాలు గోడకు చేరగిలబడి కునుకు తీసెను. మా తల్లి గడియ తీసి, మెట్లు దిగి, వానలో తడియుచు పాత మిల్లు గేటున్న దిక్కునకు నడచిపోయెను. పాలు వేయు కుర్రవాడొకడు గుర్తుపట్టి తీసికొని వచ్చెను. మోకాలు చిట్లినది, ప్రాణము దక్కినది. ఆనాడు చుట్టములు పలువురు వచ్చిరి. వచ్చినవారందరును అడిగిన ప్రశ్న ఒక్కటే: "కోడలికి అంత నిద్ర ఎట్ల వట్టింది?" మూడేండ్లుగా నిద్ర యెరుగని మనిషిని పట్టుకొని, నిద్ర ఎట్లు పట్టినదని అడిగిరి. మూడేండ్లుగా హాయిగా నిద్రించుచున్న కుమారుని ఒక్కరును ఏమియు అడుగలేదు. మేమును నోరు మెదపలేదు. ఆమె తల వంచుకొని మా తల్లి మోకాలికి మందు రాయుచుండెను. నాటి మా మౌనమునకు ప్రాయశ్చిత్తముగా నేడు ఇది వ్రాయుచున్నాము.

ఇది మా ఒక్క ఇంటి కథ యని ఎవరైన అందురేమో. 2019లో అమెరికా పరిశోధకులు 35 అధ్యయనములను, వానిలోని 3,268 మంది డిమెన్షియా సంరక్షకుల వివరములను కూర్చి చూచిరి. అట్టి బాధ్యత లేని తమ యీడువారికంటె వీరు వారమునకు 2.42 మొదలు 3.50 గంటల వరకు నిద్ర కోల్పోవుచున్నారనియు, పట్టిన నిద్రయు నాసియనియు తేల్చిరి. గుమాస్తా లెక్క వేసి చూచితిమి. ఏడాదికి 126 మొదలు 182 గంటలు. ఎనిమిది గంటల రాత్రులుగా కట్టినచో సుమారు 16 మొదలు 23 నిండు రాత్రులు.

దినమునకు అరగంటయే కదా, దానికింత రభస యెందుకని కొందరు అడుగవచ్చును. అది సగటు. నాలుగు రాత్రులు నెమ్మదిగాను, మూడు రాత్రులు నరకముగాను గడచినను సగటు సగటుగానే ఉండును. పైగా నిద్రను గంటలతో మాత్రమే కొలువరాదు. ఐదారు తునకలైన నిద్రను కూడి ఆరు గంటలైనదనుట, విరిగిన పాలను కొలచి సేరు సరిపోయినదనుట వంటిది. నిద్ర చెడిన ఇంట రక్తపుపోటు పెరుగును, ఓర్పు తరుగును, నోటినుండి రాగూడని మాట వచ్చును. పాశ్చాత్య దేశములలో రోగిని ఇల్లు దాటించి ఆశ్రమమునకు చేర్చుటకు గల ముఖ్య కారణములలో ఈ రాత్రి అలజడి యొకటి. రోగిని ఇంట నిలుపుకొనదలచువారు ముందు కాపాడవలసినది చూచుకొను మనిషి నిద్రను.

ఇంకొక సంగతి మరింత భయము గొలుపుచున్నది. ఇంగ్లండులో ప్రభుత్వ కచేరీల ఉద్యోగులను, అనగా మావంటి కాగితపు పనివారిని, సుమారు 8,000 మందిని 25 సంవత్సరములు గమనించి 2021లో ఒక నివేదిక ప్రకటించిరి. ఏబది, అరువది, డెబ్బది ఏండ్ల ప్రాయములలో నిలకడగా ఆరు గంటలు, అంతకు తక్కువ నిద్రించినవారిలో తరువాత డిమెన్షియా వచ్చు అవకాశము నూటికి 30 వంతులు హెచ్చుగా కనబడినది. నిద్రలేమియే కారణమని ఇది నిరూపింపదు. అయినను, అత్తగారి మతిమరుపునకు సేవ చేయుచున్న ఏబది ఏండ్ల కోడలిని తలచుకొని చూడుడు. ఒక రోగిని కాచుటలో మనము రెండవ రోగిని తయారు చేయుచున్నామేమో యను శంక కలుగవలదా?

ఇప్పుడు మన పెద్దల ఆక్షేపణలకు వత్తుము. మొదటిది ఋణము. తల్లిదండ్రుల ఋణము తీర్చుకొనుట ధర్మము, ఇందులో పాళీలు, బద్లీలు ఏమిటని అందురు. సరే. ఆ ఋణము ఎవరిది? కన్న బిడ్డలది. తద్దినమునాడు పిండము పెట్టుటకు మేము ముందునకు వత్తుము; అక్కడ కోడలికి అధికారము లేదందుము. పిండమునకు కుమారుడును, తడిసిన పక్కబట్టలకు కోడలునా? అప్పు ఒకరి పేర, చెల్లింపు మరియొకరి పేర వ్రాయు పద్దు ఏ ఖాతాలోను చెల్లదు.

రెండవది పురాణము. సేవలో నిద్రాహారములు మానినవారే ఆదర్శమందురు, లక్ష్మణుని చూపుదురు. చూపవలసినదే. పదునాలుగేండ్లు అడవిలో మేల్కొని కావలి కాచినది పురుషుడు. మన ఆడవారు తరతరములుగా పాడుకొనిన ఊర్మిళాదేవి నిద్రలో, ఆ పదునాలుగేండ్లును అయోధ్యలో ఊర్మిళ నిద్రించుచుండెను. లక్ష్మణుని నిద్రను గూడ ఆమెయే నిద్రించినదని మన పెద్దలు కథ చెప్పుదురు. ఆ పాట కట్టిన తల్లులు ఎంతటి లెక్కగత్తెలో గ్రహింపుడు! ఒకచోట ఖర్చైన నిద్ర వేరొకచోట జమ పడవలెను. ఊరక మాయము కాదు. ఆ కథలో మగవాడు మేల్కొన్నాడు, ఆడది నిద్రించినది. మన చాళ్‌లలో ఆడది మేల్కొన్నది, మగవాడు గురక పెట్టినాడు. ఏ ముఖముతో మనము లక్ష్మణుని పేరెత్తుదుము?

మూడవది అలవాటు. స్త్రీలకు మెలకువ సహజము, పసిపిల్లలను పెంచలేదా యందురు. పసివాడు ఏడాదికి రాత్రి నిద్రకు అలవడును. ఈ వ్యాధి ఏడాది గడచిన కొలది ముదురును. శివరాత్రికి ఒక్క జాగరణ చేసి మరునాడు మధ్యాహ్నము వరకు పరుండు మనము, ఏడాది పొడుగునను శివరాత్రి చేయు మనిషికి అది సహజమని చెప్పుట సిగ్గుచేటు.

నాలుగవది మాత్ర. ముసలివారికి ఒక నిద్రమాత్ర వేసిన యెడల అందరును నిద్రింపవచ్చునందురు. కొన్ని నిద్రమాత్రలు వృద్ధులలో తూలి పడుటను, కలవరమును పెంచునని వైద్యులే హెచ్చరించుచున్నారు. వైద్యుని అడుగక వేయరాదు. మాత్రకు ముందు చూడవలసినవి ఉన్నవి: నొప్పియా, మలబద్ధమా, మూత్రపు మంటయా, ఆకలియా? ఉదయము కొంత యెండ, పగలు కొంత నడక, సాయంకాలము టీ మానుట, రాత్రి చిన్న దీపము, కన్నుపడని యెత్తున గడియ. ఇవి చేసినను కొన్ని రాత్రులు గడవవు. ఆ రాత్రులకే మనిషి కావలెను.

శాసనమును చూతమన్నను ఇదే తీరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున ఒక దినము సెలవనియు నిర్ణయించెను. స్త్రీలచే సాధారణముగా రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 6 వరకు పని చేయింపరాదనెను. తరువాతి శాసనములు వారి సమ్మతిపై ఆ నిషేధమును సడలించినవి. ఇంటిలో సమ్మతి అడిగినవారెవరు? 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము వచ్చినది. అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము బిడ్డలు సమకూర్పవలెనని అది చెప్పినది, మంచిదే. వారిని రాత్రి కాచు మనిషి ఎప్పుడు పరుండవలెనో అది చెప్పలేదు. కావున అది మనమే చెప్పుకొనవలెను.

మా ఇంట ఆలస్యముగానైనను చెప్పుకొంటిమి. మా తల్లి వానలో నడచిపోయిన వారమునకు మేము తెల్లకాగితముపై హాజరు పట్టీ గీసితిమి. ఏడు రాత్రులు: మూడు మావి, రెండు ఆమెవి, శనివారము భివండి తమ్మునిది, ఒకటి గల్ఫ్ పైకముతో కుదుర్చుకొనిన ఆయాది. పాళీ అంతయు మేము కాచిన మొదటి వారములోనే, మూడవ రాత్రి, మా తల్లిపై చేయి యెత్తితిమి. ఎత్తిన చేయి మాకే కనబడి దించుకొంటిమి. మూడు రాత్రులకే మా పని అట్లైనది. మూడేండ్లు కాచినను చేయి యెత్తని మనిషి ఆ చెక్క అడ్డునకు ఆవల నిద్రించుచుండెను. 2019లో మా తల్లి గతించు వరకు ఆ పట్టీ నడచినది. తమ్ముడు కొన్ని శనివారములు ఎగవేసినాడు; మేమును అలసి గొణిగితిమి. కాని ఆ యిల్లాలు వారమున ఐదు రాత్రులు పరుండెను.

తరువాత సంఘము పెద్దలు కొందరు ఆమెకు శాలువ కప్పి సన్మానింపదలచిరి. "శాలువ ఎందుకన్నా? అప్పుడే కప్పుకొని పండుకొనేటందుకు ఒక్క రాత్రి ఇస్తే అయిపోవు" అని ఆమె అనెను. వారు నవ్వి, ఆమె వినయమును మెచ్చుకొని పోయిరి. అది వినయము కాదు, ఫిర్యాదు. దానిని చిట్టాలో నమోదు చేయువారు లేక మేము ఇచట నమోదు చేయుచున్నాము.

ఈ సంచిక చదువు సంఘ సభ్యులకు మా విన్నపములు ఇవి. గణపతి మంటపమునకు పది రాత్రులు కావలి కాయుటకు మన యువకులు వంతులు వేసికొనుచున్నారు. ఎవడును వరుసగా పది రాత్రులు కాయడు. మట్టి గణపతికి చేయునది మనుష్యులకు చేయరాదా? ప్రతి పేటలోను ఇట్టి రోగులున్న ఇండ్ల పట్టిక సంఘము వ్రాసికొనవలెను. మాసమునకు రెండు రాత్రులు, లేక మధ్యాహ్నము మూడు గంటలు, వచ్చి కూర్చుండువారి పట్టిక మరియొకటి కావలెను. సన్మానములకగు శాలువల పైకముతో ఇల్లుగడవనివారికి రాత్రి ఆయాను కుదుర్చవలెను. విదేశములలోని కుమారులు సెలవుపై వచ్చినప్పుడు గుళ్ళు తిరుగుటకు ముందు రాత్రులు తీసికొనవలెను. మన దేశమున ఈ వ్యాధి కొరకు 1992లో స్థాపితమైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఉన్నది. మనసు క్రుంగినవారు ఏ వేళనైనను మాటాడుటకు 2022 నుండి ప్రభుత్వపు టెలీ మానస్ 14416 సంఖ్య ఉన్నది. ఈ రెంటి పేర్లును ప్రతి సంచిక వెనుక అట్టపై అచ్చు వేయవలెను.

అన్నిటికంటె సులభమైనది ఇంకొకటి కలదు. దానికి చందా అక్కరలేదు. రోగిని చూడబోయినప్పుడు "పెద్దమ్మ ఎట్లున్నది?" అని యడిగిన పిదప, "రాత్రి ఎవరు మేల్కొన్నారు? నిన్న ఎవరు పండుకొన్నారు?" అని గట్టిగా, ఇంటిలోని మగవారు వినునట్లు అడుగుడు. మమ్ము ఎవరైన 2013లోనే అట్లడిగియుండిన యెడల మేము సిగ్గుపడి లేచియుందుము. అడుగలేదు; మేము లేవలేదు.

మా తల్లి పోయి ఇన్నేండ్లైనను మా యిల్లాలు నేటికిని రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుండును. చీకటిలో పోయి తలుపు గడియ తడిమి చూచి, మరల వచ్చి పరుండును. మేమిప్పుడు మేల్కొనియే యుందుము. "గడియ వేసే ఉన్నది, పండుకో" అని చెప్పుదుము. కొన్నినాళ్ళు నిద్రించును, కొన్నినాళ్ళు నిద్రింపదు. ఆమెకు మనము పడిన బాకీ యిక తీరునది కాదు. మీ ఇంటనున్న బాకీ యింకను చిన్నదై యుండవచ్చును. ఈ రాత్రినుండియే చెల్లింపు మొదలు పెట్టుడని చదువరులను చేతులు జోడించి వేడుచున్నాము.